బోర్డు మీద 100 పడకలు.. మరి రాత్రి 2 గంటలకు ఆపరేషన్ చేస్తారా? పెరుగుతున్న ఊరి ఆసుపత్రికి అసలు ప్లాన్ ఎలా ఉండాలి?

రాత్రి రెండు గంటలు. నొప్పులతో ఉన్న గర్భిణిని ఆటోలో తీసుకొచ్చారు. ఆసుపత్రి బిల్డింగ్ కొత్తదే. లేబర్ రూమ్‌లో లైట్లు వెలుగుతున్నాయి, ఆపరేషన్ థియేటర్‌కి తాళం కూడా లేదు. నర్సు పరీక్ష చేసి చెప్పిన మాట మాత్రం ఒక్కటే.. "బిడ్డ అడ్డం తిరిగింది, సిజేరియన్ చేయాలి, మత్తు డాక్టర్ లేరు, పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి."

ఇది ఏదో ఒక్క ఊరి కథ కాదు. తెలుగు రాష్ట్రాల్లో చిన్న పట్టణాల వాళ్లను ఎవరిని అడిగినా ఇలాంటి ఒక రాత్రి గురించి చెబుతారు. ఊరు పెరిగింది, ఓపీ లైన్ పెరిగింది, శిలాఫలకం మీద పడకల సంఖ్య కూడా పెరిగింది. కానీ ఆ రాత్రి మాత్రం మారలేదు. ఎందుకు?

ఒక ఆసుపత్రిని పెంచాలంటే బిల్డింగ్ కడితే సరిపోదు. ఏ రోగులు వస్తున్నారు, ఎవరిని బయటకు పంపేస్తున్నాం, ఎంతమంది సిబ్బంది కావాలి, ప్రతి ఏడాదీ నడపడానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది.. ఇవన్నీ ముందే లెక్క వేసుకోవాలి. దీన్నే స్ట్రాటజిక్ ప్లానింగ్ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే ముందుచూపుతో వేసుకునే ఐదేళ్ల లెక్క. ఆ లెక్క ఎలా వేస్తారో, అది ఎక్కడ తప్పుతోందో ఈ కథనంలో చూద్దాం.

ముందు ఈ పేర్ల సంగతి తెలుసుకుందాం

ప్రభుత్వ ఆసుపత్రుల్లో మెట్లు ఉంటాయి. ఊళ్లో సబ్ సెంటర్, మండలంలో పీహెచ్‌సీ, ఆ పైన సీహెచ్‌సీ, ఆ తర్వాత ఏరియా ఆసుపత్రి, జిల్లా ఆసుపత్రి. ఉమ్మడి రాష్ట్రంలో 1986 నాటి చట్టంతో ఏర్పడిన వైద్య విధాన పరిషత్, సీహెచ్‌సీ నుంచి జిల్లా ఆసుపత్రి వరకు ఉన్న ఈ మధ్య మెట్లను చూసుకునేది.

ఏ మెట్టులో ఏముండాలో చెప్పే జాతీయ ప్రమాణాలు కూడా ఉన్నాయి. వాటినే ఐపీహెచ్ఎస్ అంటారు. 2007లో తొలిసారి వచ్చాయి, 2012లో సవరించారు, మళ్లీ 2022లో మార్చారు. వాటి ప్రకారం మైదాన ప్రాంతంలో 1,20,000 మందికి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 80,000 మందికి ఒక సీహెచ్‌సీ ఉండాలి. సీహెచ్‌సీ అంటే 30 పడకలు. 31 నుంచి 100 పడకల దాకా ఉంటే సబ్ డిస్ట్రిక్ట్ ఆసుపత్రి. మన దగ్గర ఏరియా ఆసుపత్రులు చాలావరకు ఈ కోవలోకే వస్తాయి. ఆ పైన జిల్లా ఆసుపత్రి.

2017 జాతీయ ఆరోగ్య విధానం ఇంకో లక్ష్యం పెట్టింది. ప్రతి 1,000 మందికి 2 పడకలు ఉండాలి. అవి కూడా ప్రమాదం జరిగిన తొలి గంటలోపే చేరుకోగలిగే దూరంలో ఉండాలి. ఈ రెండో మాట చాలామంది మర్చిపోతారు. పడక ఉండటం వేరు, అవసరమైన గంటలో అది అందడం వేరు.

మొదటి ప్రశ్న: ఎవరిని బయటకు పంపేస్తున్నాం?

సాధారణంగా ఆసుపత్రి విస్తరణ అనగానే ఓపీ లెక్కలు బయటికి తీస్తారు. "రోజుకు ఇంతమంది వస్తున్నారు, చోటు చాలట్లేదు, కొత్త బ్లాక్ కావాలి" అని ఫైలు కదులుతుంది. ఇందులో తప్పేం లేదు. కానీ ఇది సగం లెక్కే.

మిగతా సగం రెఫరల్ రిజిస్టర్‌లో ఉంటుంది. ఎవరిని, ఏ టైంలో, ఏ కారణంతో పెద్దాసుపత్రికి పంపారో అందులో రాసి ఉంటుంది. ఒక ఏడాది రిజిస్టర్ ముందు పెట్టుకుని కారణాలను విడదీస్తే, ఆసుపత్రికి ఏం కావాలో అదే చెప్పేస్తుంది.

ఉదాహరణకు ఎక్కువమందిని "రక్తం లేదు" అని పంపారనుకుందాం. అప్పుడు కావాల్సింది కొత్త వార్డు కాదు, రక్తం నిల్వ చేసే కేంద్రం. సాయంత్రం 5 గంటల తర్వాతే రెఫరల్స్ పెరుగుతున్నాయంటే డాక్టర్ల సంఖ్య కన్నా డ్యూటీ చార్టులో సమస్య ఉన్నట్టు. తల దెబ్బలతో వచ్చిన వాళ్లనే పంపుతున్నారంటే, సీటీ స్కాన్ పెట్టాలా, లేక వెంటనే స్థిమితపరిచి త్వరగా పంపే ఏర్పాటు చేస్తే చాలా అన్నది తేల్చుకోవాలి.

ఇంకో లెక్క కూడా ఉంది. అసలు మన ఆసుపత్రి మెట్టు ఎక్కకుండానే ప్రైవేటుకి వెళ్లిపోతున్న వాళ్లు. వీళ్ల పేర్లు ఏ రిజిస్టర్‌లోనూ ఉండవు. కానీ ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తల దగ్గర గర్భిణుల జాబితా ఉంటుంది. ఎవరికి ఎక్కడ కాన్పు అయిందో వాళ్లకు తెలుసు. అందుకే ప్లాన్ మీటింగ్‌లో సూపరింటెండెంట్‌తో పాటు ఆశా కార్యకర్త కూడా కూర్చోవాలి.

పరిధి అంటే మండలం గీత కాదు.. భద్రాచలం చెబుతున్న పాఠం

జనాభా లెక్క వేసేటప్పుడు జరిగే పెద్ద పొరపాటు ఒకటుంది. మండలం జనాభా తీసుకుని, దాన్నే ఆసుపత్రి పరిధి అనుకోవడం. రోగి మ్యాప్ చూసి రాడు. బస్సు ఎటు పోతే అటు వస్తాడు.

దీనికి భద్రాచలం ఏరియా ఆసుపత్రి మంచి ఉదాహరణ. 2014లో రాష్ట్ర విభజన తర్వాత భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. చుట్టూ ఉన్న చింతూరు, కూనవరం, వీఆర్ పురం లాంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. కానీ ఆ ఊళ్ల జనానికి దగ్గర పట్టణం ఇప్పటికీ భద్రాచలమే. ఛత్తీస్‌గఢ్, ఒడిశా సరిహద్దు ఊళ్ల నుంచి కూడా ఇక్కడికే వస్తారు. అంటే పేరుకు ఒక రాష్ట్రం ఆసుపత్రి, వైద్యం మాత్రం నాలుగు రాష్ట్రాల వాళ్లకు.

ఒక్క మండలం జనాభా చూసి ఇలాంటి చోట మందుల ఇండెంట్ పెడితే నెల తిరక్కుండానే స్టాక్ అయిపోతుంది. భాష కూడా ప్లాన్‌లో భాగమే. కోయ మాట్లాడే తల్లికి డాక్టర్ తెలుగులో చెప్పిన జాగ్రత్తలు అర్థం కాకపోతే ఆ ప్రిస్క్రిప్షన్ వల్ల ఉపయోగం లేదు. ఆ భాష తెలిసిన మనిషి ఒకరు రిజిస్ట్రేషన్ దగ్గర, ఒకరు ప్రసూతి వార్డులో ఉంటే చాలా తేడా వస్తుంది.

ప్రకృతి కూడా లెక్కలోకి రావాలి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. అలాంటి రోజుల్లో రోడ్లు తెగిపోతాయి, రెఫర్ చేద్దామన్నా దారి ఉండదు. కాన్పు తేదీ దగ్గరపడిన వాళ్లను వరదకు ముందే తీసుకురావడం, మందులు, ఆక్సిజన్, డీజిల్ ముందే నిల్వ చేసుకోవడం.. ఇవన్నీ జూన్‌లోపే అయిపోవాలి.

జబ్బులు కూడా ఊరిని బట్టి మారతాయి. ఏజెన్సీలో మలేరియా, పాముకాటు. హైవే పక్కన యాక్సిడెంట్లు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు. ఉద్దానం బాధితుల కోసం పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబర్‌లో మొదలైంది. అందరికీ ఒకే నమూనా ప్లాన్ పంపిస్తే పని జరగదని చెప్పడానికి ఇదొక్కటి చాలు.

పడకల లెక్క ఎలా వేస్తారు?

ఇది చాలా సింపుల్. మూడు అంకెలు ఉంటే చాలు. ఏడాదికి ఎంతమంది అడ్మిట్ అవుతున్నారు, ఒక్కొక్కరు సగటున ఎన్ని రోజులు ఉంటున్నారు, పడకలు ఎంత శాతం నిండి ఉండాలి.

ఒక ఊహా లెక్క చూద్దాం. ఏడాదికి 2,190 మంది అడ్మిట్ అవుతున్నారు, సగటున 4 రోజులు ఉంటున్నారు. రెండింటినీ గుణిస్తే 8,760 పడక రోజులు. 365తో భాగిస్తే రోజుకు 24 మంది. కానీ 24 పడకలే పెడితే సరిపోదు. ఒక రోజు పది మంది వస్తారు, ఒక రోజు ఇద్దరే వస్తారు. ఆడవాళ్ల వార్డు నిండితే మగవాళ్ల వార్డులో ఖాళీ ఉన్నా పనికిరాదు. అందుకే 80 శాతం నిండితే చాలు అన్న లెక్కతో వేస్తారు. అలా వేస్తే 30 పడకలు.

ఇప్పుడు అడ్మిషన్లు రెట్టింపై 4,380కి చేరాయనుకుందాం. అదే లెక్కతో 60 పడకలు కావాలి. ఇక్కడే అసలు పాయింట్ ఉంది. ఒక్కో రోగి 4 రోజుల బదులు 3 రోజుల్లో ఇంటికి వెళ్లగలిగితే కావాల్సింది 45 పడకలే. అంటే ఒక్క రోజు తగ్గితే 15 పడకలు మిగిలాయి!

మరి రోజు ఎలా తగ్గుతుంది? రోగిని తొందరగా తోలేసి కాదు. రక్త పరీక్ష రిపోర్ట్ మర్నాడు కాకుండా అదే రోజు వస్తే తగ్గుతుంది. ఆపరేషన్‌కి వారంలో ఒక్క రోజే కాకుండా మూడు రోజులు థియేటర్ దొరికితే తగ్గుతుంది. డిశ్చార్జ్ సంతకం కోసం సాయంత్రం వరకు ఆగాల్సిన పని లేకపోతే తగ్గుతుంది. చాలా ఆసుపత్రుల్లో కొత్త వార్డు కన్నా ముందు కావాల్సింది ఇంకో ల్యాబ్ టెక్నీషియన్.

మత్తు డాక్టర్ ఒక్కరుంటే ఉన్నట్టా? లేనట్టా?

ఇక అసలు విషయానికి వద్దాం. "మా ఆసుపత్రిలో మత్తు డాక్టర్ ఉన్నారు" అని రికార్డు చెబుతుంది. అది నిజమే. కానీ వారానికి 168 గంటలు. ఒక మనిషి వారానికి 48 గంటలు పనిచేస్తారనుకుంటే, ఒక్క కుర్చీ రాత్రీ పగలూ ఖాళీ లేకుండా ఉండటానికి మూడున్నర మంది కావాలి. సెలవులు కూడా కలుపుకుంటే నలుగురు.

ఉన్నది ఒక్కరే అయితే ఏం జరుగుతుంది? ఉదయం డ్యూటీలో ఉంటారు. రాత్రి ఫోన్ చేస్తే వస్తే వచ్చినట్టు. వాళ్లూ మనుషులే. ఇంట్లో పిల్లలుంటారు, జ్వరాలొస్తాయి. వారంలో 168 గంటల్లో 120 గంటలు ఆ ఆసుపత్రికి మత్తు డాక్టర్ లేనట్టే. కాన్పు నొప్పులు మాత్రం టైం చూసి రావు.

నర్సుల లెక్కా అంతే. ఒక నర్సు పోస్టులో రోజుకు మూడు షిఫ్టులు. ఏడాదికి 1,095 డ్యూటీలు. ఒక నర్సు వారాంతపు సెలవులు, పండగలు, ఇతర సెలవులు పోను సుమారు 273 రోజులు డ్యూటీ చేస్తారనుకుంటే, ఒక్క పోస్టుకి నలుగురు కావాలి. ఆరు పడకలకు ఒక నర్సు చొప్పున వేసుకున్నా 30 పడకల వార్డులకు ప్రతి షిఫ్టులో ఐదుగురు, మొత్తం 20 మంది. లేబర్ రూమ్, ఆపరేషన్ థియేటర్, క్యాజువాలిటీ దీనికి అదనం.

అందుకే పడకలు 30 నుంచి 100 చేస్తూ జీవో వచ్చినప్పుడు చూడాల్సింది పడకల సంఖ్య కాదు. దాంతో పాటు ఎన్ని పోస్టులు మంజూరయ్యాయి, వాటిలో ఎన్ని భర్తీ అయ్యాయి అన్నదే. పోస్టులు లేకుండా పడకలు పెరిగితే, పాత సిబ్బంది మీదే మూడింతల పని పడుతుంది. అప్పుడు ఉన్న మంచి నర్సు కూడా ట్రాన్స్‌ఫర్ పెట్టుకుని వెళ్లిపోతుంది.

డాక్టర్లు రావట్లేదు.. మరి దారేది?

స్పెషలిస్టులు చిన్న ఊళ్లకు రావడానికి ఇష్టపడరన్నది నిజమే. కానీ దారులు లేకపోలేదు.

• ఎంబీబీఎస్ డాక్టర్లకే అత్యవసర ప్రసూతి ఆపరేషన్ల కోసం మత్తు ఇవ్వడంలో శిక్షణ ఇచ్చే జాతీయ కార్యక్రమం ఉంది. సిజేరియన్ సహా అత్యవసర కాన్పు వైద్యంలో శిక్షణ కూడా ఉంది. శిక్షణ పొందిన వాళ్లను మళ్లీ అదే పని ఉన్న చోటే పోస్ట్ చేయాలి. ఈ ఒక్క చోట తప్పితే శిక్షణ అంతా వృథా.

• పీజీ మెడికోలు చదువులో భాగంగా మూడు నెలలు జిల్లా స్థాయి ఆసుపత్రుల్లో పనిచేయాలన్న నిబంధన ఉంది. జిల్లాల్లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు పెరిగాక ఈ అవకాశం ఇంకా దగ్గరైంది.

• స్పెషలిస్టులను ఐదు ఆసుపత్రుల్లో ఒక్కొక్కరిని పంచే బదులు, ఒకటి రెండు ఆసుపత్రుల్లో పూర్తి టీం పెట్టడం. ఐదు చోట్ల సగం సగం వైద్యం కన్నా, రెండు చోట్ల 24 గంటల వైద్యం మేలు. మిగతా ఊళ్ల నుంచి అక్కడికి 108 గ్యారంటీగా వస్తే చాలు. వినడానికి బాగానే ఉంటుంది కానీ, "మా ఊరి డాక్టర్‌ని తీసుకుపోతారా" అని నిరసన వచ్చేది ఇక్కడే. ప్లానింగ్‌లో కష్టమైన నిర్ణయం ఇదే.

• ఉండటానికి క్వార్టర్స్. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. ఆసుపత్రి ఆవరణలోనే నీళ్లు, కరెంటు ఉన్న ఇల్లు ఉంటే రాత్రి డాక్టర్ ఐదు నిమిషాల్లో వస్తారు. లేదంటే 40 కిలోమీటర్ల దూరం నుంచి బయల్దేరాలి.

మూడు కాళ్ల పీట

గర్భిణులకు అత్యవసర వైద్యం అందించే ఆసుపత్రిని ఫస్ట్ రెఫరల్ యూనిట్ అంటారు. ఆ పేరు రావాలంటే ముఖ్యంగా మూడు ఉండాలి. 24 గంటలూ సిజేరియన్ సహా ప్రసూతి అత్యవసర వైద్యం, పుట్టిన బిడ్డకు వైద్యం, రక్తం నిల్వ. మూడు కాళ్ల పీటలాంటిది ఇది. ఒక్క కాలు విరిగినా నిలబడదు.

చాలాచోట్ల విరిగేది మూడో కాలే. కాన్పు తర్వాత ఆగకుండా రక్తం పోతే రెండు గంటల్లోనే తల్లి ప్రాణం పోవచ్చు. జిల్లా కేంద్రం నుంచి రక్తం తెచ్చేలోపు ఆ టైం అయిపోతుంది. అయితే దీనికి పెద్ద బ్లడ్ బ్యాంక్ కట్టాల్సిన పని లేదు. ఏడాదికి 2,000 యూనిట్లకు మించకుండా వాడే ప్రభుత్వ ఆసుపత్రుల్లో బ్లడ్ స్టోరేజ్ సెంటర్ పెట్టుకోవచ్చు. లైసెన్స్ అక్కర్లేదు, డ్రగ్స్ కంట్రోల్ విభాగం అనుమతి ఉంటే చాలు. 2 నుంచి 6 డిగ్రీల మధ్య ఉంచే ప్రత్యేక ఫ్రిజ్, శిక్షణ ఉన్న టెక్నీషియన్, రక్తం పంపే ఒక మదర్ బ్లడ్ బ్యాంక్ ఉండాలి. కరెంటు పోతే ఫ్రిజ్ ఆగకూడదు. కొత్త వార్డు ఖర్చుతో పోలిస్తే ఇది చాలా తక్కువ. కాపాడే ప్రాణాలు మాత్రం ఎక్కువ.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. సిజేరియన్ సౌకర్యం కావాలంటే సిజేరియన్లు పెంచమని కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశ సగటు 21.5 శాతం. అంటే ఒకవైపు అవసరం లేని వాళ్లకు కోత పడుతోంది, మరోవైపు అవసరమైన వాళ్లకు రాత్రిపూట అందట్లేదు. మామూలు కాన్పులు చేయడానికి నర్సులకు ప్రత్యేకంగా మిడ్‌వైఫరీ శిక్షణ ఇచ్చే పని తెలంగాణలో 2017లో మొదలైంది. మంచి ప్లాన్‌లో ఈ రెండూ పక్కపక్కనే ఉండాలి.

గిరిజన ప్రాంతాల్లో ఇంకో దారి కూడా ఉంది. ఆసుపత్రిని కొండ మీదికి తీసుకెళ్లలేనప్పుడు గర్భిణినే ముందుగా కిందికి తీసుకురావడం. పార్వతీపురం ఐటీడీఏ పరిధిలోని సాలూరులో ఇలాంటి గర్భిణుల వసతి గృహం నడిపారు. కాన్పు తేదీకి కొన్ని వారాల ముందే అక్కడికి వచ్చి ఉంటే, డోలీలో మోసుకొచ్చే పరిస్థితి తప్పుతుంది. కావాల్సింది మంచాలు, భోజనం, ఒక నర్సు. ఇది కూడా ఆసుపత్రి విస్తరణే.

ఎవరికీ కనిపించనివే కీలకం

రిబ్బన్ కటింగ్ ఫొటోలో కనిపించని వాటి మీదే ఆసుపత్రి నడుస్తుంది.

ఆక్సిజన్: 2021 సెకండ్ వేవ్‌లో అందరికీ అర్థమైంది. ఆ తర్వాత చాలాచోట్ల ఆక్సిజన్ ప్లాంట్లు పెట్టారు. కానీ ప్లాంట్ కరెంటుతో నడుస్తుంది, దానికి ఆపరేటర్ కావాలి, సర్వీసింగ్ కావాలి. వారానికోసారైనా నడిపి చూడకపోతే అవసరమైన రోజు అది మొరాయిస్తుంది. పక్కన సిలిండర్లు కూడా సిద్ధంగా ఉండాల్సిందే.

కరెంటు: జనరేటర్ ఉంది సరే, డీజిల్ బిల్లు ఎవరు కడతారు? కొత్త బ్లాక్ వస్తే లోడ్ పెరుగుతుంది. పాత జనరేటర్ సరిపోతుందో లేదో ముందే చూడాలి.

నీళ్లు: పడకలు పెరిగితే నీళ్ల వాడకం కూడా పెరుగుతుంది. బోరు ఎండాకాలంలో ఎండిపోయే ఊళ్లో డయాలసిస్ యూనిట్ పెట్టే ముందు రెండుసార్లు ఆలోచించాలి. డయాలసిస్‌కి శుద్ధి చేసిన నీళ్లు చాలా కావాలి.

చెత్త: ఆసుపత్రి వ్యర్థాలకు 2016 నిబంధనలు ఉన్నాయి. పసుపు, ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో వేరు చేయాలి. శుద్ధి చేయని వ్యర్థాలను 48 గంటలకు మించి ఉంచకూడదు. పడకలు పెరిగినప్పుడు వ్యాన్ వచ్చే రోజులు కూడా పెరగాలి.

ఫైర్ సేఫ్టీ: కొత్త అంతస్తు వేసేటప్పుడు ర్యాంపు, రెండో మెట్ల దారి ముందే ప్లాన్‌లో ఉండాలి. ఆ తర్వాత పెట్టాలంటే గోడలు పగలగొట్టాల్సిందే.

అన్నిటికన్నా ముఖ్యం, కొత్త బ్లాక్ కట్టేటప్పుడు పాత ఆసుపత్రి ఆగకూడదు. క్యాజువాలిటీ ఎక్కడికి మారుతుంది, అంబులెన్స్ ఏ గేటులో వస్తుంది, దుమ్ము ఓటీలోకి రాకుండా ఏం చేస్తారు.. ఇవి టెండర్‌కి ముందే రాసుకోవాలి.

కట్టడం ఒక్కసారే.. నడపడం ప్రతి ఏడాదీ

బిల్డింగ్‌కి డబ్బు దొరకడం తేలికే. ఒక స్కీమ్‌లోనో, ఒక కంపెనీ సీఎస్ఆర్ నిధులతోనో, ఒక దాత సాయంతోనో వస్తుంది. కానీ జీతాలు, మందులు, కరెంటు బిల్లు, యంత్రాల మరమ్మతు ప్రతి ఏడాదీ ఉంటాయి. సీటీ స్కాన్ కొని, రేడియాలజిస్ట్ లేక గదికి తాళం వేస్తే ఆ డబ్బు నేలపాలైనట్టే. ఏ యంత్రం కొన్నా మూడు ప్రశ్నలు అడగాలి. నడిపేది ఎవరు? పాడైతే ఎన్ని రోజుల్లో బాగుచేస్తారు? ఐదేళ్ల మెయింటెనెన్స్ డబ్బు ఎక్కడిది?

ఆదాయం కూడా ఉంటుంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ లాంటి పథకాల్లో ప్రభుత్వ ఆసుపత్రులు చేసిన చికిత్సలకు కూడా డబ్బు వస్తుంది. కానీ ప్రీ ఆథరైజేషన్ పంపేవాళ్లు, కాగితాలు సరిగ్గా అప్‌లోడ్ చేసేవాళ్లు లేకపోతే చేసిన పనికి కూడా క్లెయిమ్ రాదు. దీనికోసం శ్రద్ధగా పనిచేసే ఒక డేటా ఎంట్రీ ఆపరేటర్ ఉంటే చాలు, ఆసుపత్రి అభివృద్ధి ఖాతా కళకళలాడుతుంది.

ఐదేళ్ల ప్లాన్.. ఏది ముందు? ఏది తర్వాత?

ఒక 30 పడకల ఆసుపత్రి పెరగాలనుకుంటే వరుస ఇలా ఉంటే మంచిది.

మొదటి ఏడాది: లెక్కలు. రెఫరల్ రిజిస్టర్, అడ్మిషన్లు, సగటు రోజులు, ఏ ఊళ్ల నుంచి వస్తున్నారు. దాంతో పాటే ల్యాబ్ టైమింగ్, డ్యూటీ చార్ట్ లాంటి ఖర్చు లేని మార్పులు.

రెండో ఏడాది: ఉన్న పడకలను 24 గంటలూ పనిచేయించడం. మత్తు డాక్టర్లు, గైనకాలజిస్టులు, పిల్లల డాక్టర్ల టీం, బ్లడ్ స్టోరేజ్, నవజాత శిశువుల కోసం నాలుగు పడకల యూనిట్. కొత్త పోస్టుల ఫైలు ఈ ఏడాదే కదలాలి.

మూడో ఏడాది: క్వార్టర్స్, కరెంటు, నీళ్లు, ఆక్సిజన్ లైన్లు. కొత్త బ్లాక్ పనులు మొదలు.

నాలుగో ఏడాది: సిబ్బంది వచ్చినంత మేరకే పడకలు తెరవడం. వంద కట్టినా అరవైకి మనుషులుంటే అరవైతోనే మొదలుపెట్టాలి.

ఐదో ఏడాది: క్వాలిటీ గుర్తింపు. ప్రభుత్వ ఆసుపత్రులకు ఎన్‌క్వాస్, లేబర్ రూమ్‌లకు 2017లో వచ్చిన లక్ష్య, శుభ్రతకు 2015లో మొదలైన కాయకల్ప్ ఉన్నాయి. ఆ తర్వాత మళ్లీ మొదటి ఏడాది లెక్కలు చూసి, ఏం మారిందో పోల్చుకోవాలి.

మన దగ్గర చాలాసార్లు ఈ వరుస తిరగబడుతుంది. ముందు బిల్డింగ్, తర్వాత యంత్రాలు, ఆఖర్న మనుషులు. అందుకే కొత్త బిల్డింగ్‌లోనూ ఆ రాత్రి రెండు గంటల మాట పాతదే వినిపిస్తోంది.

మీ ఊరి ఆసుపత్రి గురించి మీరు అడగాల్సిన 6 ప్రశ్నలు

ప్రభుత్వ ఆసుపత్రికి ఒక అభివృద్ధి కమిటీ ఉంటుంది. అందులో ప్రజాప్రతినిధులు కూడా ఉంటారు. వాళ్లను అడగొచ్చు. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టొచ్చు.

1. పోయిన నెలలో ఎంతమందిని వేరే ఆసుపత్రికి పంపారు? ఏ కారణాలతో?
2. పోయిన నెలలో రాత్రి 8 నుంచి ఉదయం 8 మధ్య ఎన్ని సిజేరియన్లు చేశారు?
3. మంజూరైన పోస్టులు ఎన్ని? ఇప్పుడు డ్యూటీలో ఉన్నవాళ్లు ఎంతమంది? డిప్యుటేషన్ మీద బయట ఉన్నవాళ్లు ఎంతమంది?
4. రక్తం నిల్వ కేంద్రం ఉందా? ఈ రోజు అందులో ఎన్ని యూనిట్లున్నాయి?
5. పనిచేయని యంత్రాలు ఏవి? ఎప్పటి నుంచి?
6. కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుంది? ఏం తీర్మానించింది?

వీటిలో రెండో ప్రశ్న ఒక్కటి అడిగినా చాలు. దానికి జవాబు సున్నా అయితే, బోర్డు మీద 30 అని ఉన్నా 100 అని ఉన్నా ఒకటే. సున్నా కాకపోతే మాత్రం.. ఆ ఊరి ఆసుపత్రి నిజంగానే పెరుగుతోందని అర్థం.